మీసాల దాకా వచ్చింది

నాగాయలంక పేజీ తీసేయమని ధర్మారావు గారు సోమవారం పొద్దున్నే, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే చెప్పారు. కోపంతో అన్న మాటేమీ కాదు. ఎవరూ ఉండని గదికి కరెంటు తీయించే మనిషి ఎంత నిదానంగా చెప్తాడో అంత నిదానంగా చెప్పారు.

గిలకలదిండి బోటు యజమానుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. బందరులో ఇంటర్నెట్టంటే చాలామందికి ఇంకా వింతగానే ఉన్న రోజుల్లో, మన సంఘానికి వెబ్‌సైటు ఉండి తీరాలని పట్టుబట్టిన మనిషి. కంప్యూటర్లు కొనిపించి, ఆఫీసుకు ప్రత్యేకంగా వేగం లైను వేయించి, ఆ పనులు చూడటానికి ఎం.సి.ఎ. చదివిన తనూజను పెట్టుకున్నారు. సైటు తెరవగానే పూలదండతో ఆయన నిలువెత్తు ఫోటో వస్తుంది. దాని వెనక అలల మీద ఊగే బోటు బొమ్మ, వాటికి తోడు సన్నాయి పాట. ఆఫీసుకు ఎవరొచ్చినా కూర్చోబెట్టి మరీ చూపిస్తారు. చూసినవాళ్లు బాగుందనకుండా లేచి వెళ్లడం కష్టం.

"ఈ కౌంటరు నువ్వు పెట్టిందేగా తనూజా. మన ఆఫీసు కంప్యూటర్లు వదిలేసి, బయట ఎంతమంది చూశారో అదే లెక్క చెప్తుందన్నావు. నాగాయలంక పేజీకి రోజుకు ఒక్కటంటే ఒక్కటి పడుతోంది. ఆ ఒక్కళ్ల కోసం నువ్వు ఆదివారాలు కూడా వచ్చి అలలెంత, గాలెంత అని ఎక్కించడం దేనికమ్మా? ఆ జాగాలో సభ్యుల ఫోటోలు పెట్టుకుందాం. మహాసభ దగ్గరికొస్తోంది" అన్నారాయన.

ఆ సైటు మొత్తంలో తనూజ ఎవరూ అడగకుండా, సొంతంగా ఇష్టపడి చేసిన పేజీ అదొక్కటే. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు ఎంత ఎత్తు లేస్తాయో, గాలి ఎటు వీస్తుందో రోజూ పొద్దున్నే హైదరాబాదు నుంచి ఈమెయిల్లో వస్తుంది. గిలకలదిండి పెద్ద బోట్లకు వైర్‌లెస్ సెట్లున్నాయి, వాటికి ఈ పేజీతో పనిలేదు. దివిసీమ చిన్న బోట్లకు ఏమీ లేవు. వాళ్లకు పనికొస్తుందనే ఆశతో ఆమె దాన్ని మొదలుపెట్టింది.

"ఆదివారం దాకా ఉండనివ్వండి సార్. ఎందుకు చూడట్లేదో కనుక్కుంటాను."

"కనుక్కోవడానికేముంది? అక్కర్లేదు గనక చూడట్లేదు" అన్నారు గానీ, అడ్డు చెప్పలేదు. "సరే, ఆదివారం దాకా ఉంచు."

ఆమె తన సీటుకు వచ్చి పేజీ తెరిచింది. తెరిచీ తెరవగానే వేలు దానంతటదే రిఫ్రెష్ మీదికి వెళ్లింది. పేజీలో ఏ చిన్న మార్పు చేసినా రిఫ్రెష్ నొక్కి చూసుకోవడం చదువుకునే రోజుల నుంచీ అలవాటు. పేజీ తళుక్కున వచ్చేసింది. బోటు ఊగుతోంది, సన్నాయి మోగుతోంది, ధర్మారావు గారు నవ్వుతున్నారు. ఇంత చక్కగా వచ్చేదాన్ని ఎవరూ చూడకపోవడమేమిటని తనూజకు నిజంగానే బాధ వేసింది.

మర్నాడు పొద్దున చీకటితోనే ఆఫీసుకు వెళ్లి, ఆ రోజు అలల సంగతి ఎక్కించేసి, నాగాయలంక బస్సెక్కింది.

నాగాయలంకలో నెట్ సెంటరంటే దుర్గారావు ఎస్టీడీ బూతే. ముందు ఫోను, వెనక ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టి ఒక కంప్యూటరు. రెండింటికీ కలిపి ఒకటే లైను. ఎవరైనా ఫోను మాట్లాడుతుంటే నెట్టు ఉండదు, నెట్టు నడుస్తుంటే ఫోను ఎంగేజ్. ఏటిగట్టుకు ఎదురుగా ఉండటం వల్ల బూతు మెట్ల మీద ఎప్పుడూ పడవల వాళ్లెవరో ఒకరు కూర్చుని ఉంటారు. ఆ వేళకు ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకుని ఒక నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. పేరు వీరమ్మ. మొగుడు పున్నారావుకి, మరిదికి కలిపి ఒక బోటుంది. వాళ్లు తెచ్చిన చేపను ఈవిడ అవనిగడ్డ తీసుకెళ్లి అమ్ముతుంది.

తనూజ తనెవరో చెప్పగానే దుర్గారావు స్టూలు తుడిచి వేశాడు. "మీరేనా మేడమ్ ఆ పేజీ పెట్టేది! వేళకొచ్చారు. ఇప్పుడే కలుపుతున్నా, మీరే చూడండి."

పక్కనున్న మోడెం డబ్బాలోంచి కీచుమంటూ కాసేపు గోల వచ్చి ఆగింది. దుర్గారావు సైటు పేరు కొట్టాడు. తెల్లటి తెర అలా తెల్లగానే ఉండిపోయింది. తనూజ చేతి గడియారం చూసుకుంది. కాసేపటికి తెర పైఅంచున నల్లటి గీత ఒకటి మెరిసింది.

"తల వచ్చింది" అన్నాడు దుర్గారావు, బయటికి వినబడేలా.

"తలొచ్చిందంట" అని వీరమ్మ వెనక్కి తిరిగి గట్టు మీద ఎవరికో చెప్పింది. గట్టు మీద మనిషి పడవలో మనిషికి చెప్పాడు.

తనూజకు ముందు అర్థం కాలేదు. తర్వాత నల్లటి గీత కాస్త దిగి పాపిడైంది. ఇంకాస్త దిగి నుదురైంది. ధర్మారావు గారు పైనుంచి కిందికి, పీట మీద పోసిన ముగ్గు గీత గీతకూ తేలినట్టు, మెల్లగా తేలుతున్నారు. కళ్లజోడు వచ్చేటప్పటికి హోటలు నుంచి టీలు వచ్చాయి. ముక్కు వచ్చేటప్పటికి తాగడం అయిపోయింది.

"మీసాల దాకా వస్తే సగం పని అయినట్టేనండి" దుర్గారావు ధైర్యం చెప్పాడు. "అక్కడే ఒక్కోసారి ఆగిపోయిద్ది."

"ఎక్కడిదాకా?" వీరమ్మ బయటి నుంచి అడిగింది.

"మీసాల దాకా వచ్చింది!"

ఆ మాట అన్న గొంతు ఇంకా ఆగకుండానే లైను తెగిపోయింది. మళ్లీ కలపడం, మళ్లీ తెల్లటి తెర, మళ్లీ తల. ఊళ్లో ఇదంతా ఎంత మామూలైపోయిందంటే ఎవరూ విసుక్కోలేదు. తనూజ మాత్రం గడియారం చూడటం మానేసింది. చూడాలంటే సిగ్గేసింది.

ధర్మారావు గారి దండ చివరి పువ్వు దాకా వచ్చాక, కింద ఎక్కడో ఉన్న నాగాయలంక మాట నొక్కి, మరికాసేపు కాచుకుంటే అలల సంగతి వచ్చింది. దుర్గారావు దాన్ని రెండుసార్లు చదువుకుని, రోడ్డు దాటి, ఏటిగట్టు మీద కుల సంఘం షెడ్డులోకి వెళ్లాడు. చేపల వేలంపాటలు, పెళ్లి పిలుపులు, తప్పిపోయిన గేదెల కబుర్లు అన్నీ చెప్పే మైకు ఒకటుంది అక్కడ. దుర్గారావు దాని ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ మొగ దగ్గర అలలు తక్కువ. గాలి దక్షిణం. వేటకు ఎళ్లే బోట్లు ఎళ్లొచ్చు."

గట్టు పొడుగునా కట్టిన బోట్లలో మనుషులు తలలెత్తి విన్నారు. వలలు సర్దుతున్నవాళ్లు సర్దుతూనే విన్నారు. అవతల లంకల్లో కూడా వినబడుతుందని వీరమ్మ చెప్పింది. తనూజ ఆ బోట్లన్నిటినీ చూస్తూ నిలబడిపోయింది. కౌంటరులో పడే ఆ ఒక్కటి ఎవరో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఇంతసేపు ఎందుకండీ కాచుకోవడం? మానేసి వెళ్లిపోవచ్చుగా" అంది, ఏదో ఒకటి అడగాలని.

వీరమ్మ ఆమె వంక వింతగా చూసింది. "ఎట్టా మానేస్తామమ్మాయిగారూ! ఆకాశం చూస్తే తెల్లగానే ఉంటది. ఎక్కడో దూరాన లేచిన గాలికి ఇక్కడ మొగలో ఇసుక మేటల మీద అల విరుచుకు పడిద్ది. ఇక్కడినుంచి ఎళ్లేవాళ్లకి అక్కడికెళ్లే దాకా తెలవదు. తెలిసేటప్పటికి బోటు తిప్పుకునే చోటుండదు." గంప దగ్గరికి లాక్కుంది. "ఐసు ఎక్కించేలోపే తెలవాలండి. ఐసు ఎక్కిందంటే ఇంక బోటు ఆగదు. దించుకుంటే కరిగి నీళ్లయి పోయిద్ది గదా. ఫ్యాక్టరీ సుందరరాజు గారి ఐసు బండి రావటం, ఆ ఫోటో ఆయన మీసాలు రావటం, ఏది ముందయితే అది. మొన్న ఒకరోజు మీసాల దగ్గరే ఆగిపోయింది. మా వాళ్లు ఎక్కించుకుని ఎళ్లిపోయారు. మళ్లీ బోటు కళ్లబడేదాకా నాకు గొంతులో ముద్ద దిగలేదు."

తనూజకు ఒళ్లు మండింది. ధర్మారావు గారి మీద అనుకుంది మొదట. బస్సు మోపిదేవి దాటేటప్పటికి ఆ కోపం తన మీదికే తిరిగింది. ఫోటో ఆయనదే గానీ, దాన్ని అలల కంటే ముందు నిలబెట్టింది తను. సన్నాయి పెట్టింది తను. వేగం లైను మీద కూర్చుని బాగుందని మురిసిపోయిందీ తనే.

బుధవారమంతా ఆమె కుర్చీ వదల్లేదు. బీరువా అడుగునుంచి పాత మోడెం తీసి, మామూలు ఫోను తీగకు తగిలించి, నాగాయలంకలో ఎలా వస్తుందో అలాగే తన ముందుకు తెప్పించుకుంది. ఒక్కొక్కటే తీసేసి మళ్లీ తెరుస్తూ, ఏది ఎంతసేపు మింగుతోందో చూసుకుంది. సన్నాయి పోయింది. ఊగే బోటు పోయింది. ఏ కంప్యూటరులో తెలుగు అక్షరాలుంటాయో, ఎందులో ఉండవో తెలియదు గనక అలల సంగతి బొమ్మగా చేసి పెట్టేది ఇన్నాళ్లూ. ఆ బొమ్మకు నీలిరంగు నేపథ్యం, అంచున గవ్వలు. అన్నీ తుడిచేసి తెలుపు మీద నలుపు మిగిల్చేటప్పటికి అది పదో వంతు కూడా లేకుండా పోయింది. ముందు పేజీతో పనిలేకుండా నాగాయలంక పేజీకి నేరుగా వెళ్లేలా వేరే చిరునామా ఇచ్చి, దుర్గారావుకి ఫోను చేసి రాయించింది.

ఇంక మిగిలింది ధర్మారావు గారు. ఆ పేజీ నెత్తి మీద కూడా ఆయన ఫోటో ఉంది.

"నా ఫోటో బరువా? ఫోటోకి బరువేంటమ్మా?" అన్నారాయన, నిజంగానే అర్థం కాక.

ఆమె నాగాయలంకలో చూసిందంతా చెప్పింది, ఒక్క మీసాల ముక్క తప్ప. మైకు మాట వినగానే ఆయన ముఖం మారింది. "అంటే ఆ ఒక్కటీ ఊరంతానా?" అని కాసేపు గుమ్మం వైపు చూశారు. "అయితే పేజీ ఉంచు. ఫోటో... సరే, తీసెయ్" అన్నారు. ఆ 'సరే'కి చాలా కష్టపడ్డారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సాయంత్రం ఇంటికి వెళ్లబోతూ తనూజకు ఇంకో ఆలోచన వచ్చింది. ఒకసారి తెరిచిన పేజీని కంప్యూటరు తన దగ్గరే దాచుకోగలదు. మళ్లీ అడిగితే లైను దాకా వెళ్లకుండా, దాచిందే తీసి చూపిస్తుంది. ఎన్నాళ్లు దాచుకోవచ్చో పేజీ పంపేవాళ్లు ముందే చెప్పి పంపొచ్చు. పేజీలో రోజూ మారని గీతలూ, సంఘం గుర్తూ ఉన్నాయి, వాటిని రోజూ కొత్తగా మోసుకెళ్లడమెందుకు? వారం రోజులు దాచుకోమని రాసేసింది. ఆ ఆజ్ఞ గీతలకూ గుర్తుకే కాక, వాటిని ఉంచిన ఫోల్డరులోని అన్నిటికీ, అలల బొమ్మతో సహా వర్తిస్తుందని ఆ సంతోషంలో ఆమెకు తట్టలేదు. రెండుసార్లు తెరిచి చూసుకుంది. రెండుసార్లూ వేలు రిఫ్రెష్ నొక్కింది. రిఫ్రెష్ నొక్కితే కంప్యూటరు దాచింది పక్కన పెట్టి కొత్తది తెస్తుంది గనక ఆమెకు లోపమేమీ కనబడలేదు.

గురువారం పొద్దున ఫోను మోగింది.

"మేడమ్! రెప్ప వేసేలోపు వచ్చేసిందండి! ఇంక టీ కూడా చెప్పలేదు" దుర్గారావు అరిచినంత పని చేశాడు.

తనూజ ఆ ఆనందంలో పక్క కంప్యూటరులో పేజీ తెరిచి ధర్మారావు గారికి చూపించింది. తన ఫోటో ఉన్నచోట తెల్లగా ఉండటం చూసి ఆయన మీసం ఒకసారి సవరించుకున్నారు గానీ, వేగం బాగుందని ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం ఆమె కోనేరు సెంటర్లో దిగి ఇంటికి బందరు లడ్డూ పట్టుకెళ్లింది. ఎందుకని ఇంట్లో అడిగితే ఊరికేనంది.

శుక్రవారం హైదరాబాదు నుంచి వచ్చిన మెయిల్ చూసి తనూజ నిటారుగా కూర్చుంది. బంగాళాఖాతంలో ఎక్కడో దూరాన లేచిన గాలి తాలూకు అలలు తీరానికి చేరుతున్నాయి, మొగ దగ్గర ఎత్తుగా విరుగుతాయి, చిన్న బోట్లు వెళ్లవద్దు. కిటికీలోంచి చూస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. హార్బరులో ఐసు మరలో వేసి నలగ్గొడుతున్న చప్పుడు రోజులాగే వినబడుతోంది. ఆమె గబగబా బొమ్మ తయారుచేసి ఎక్కించింది. రిఫ్రెష్ నొక్కి, 'వెళ్లవద్దు' అన్న మాట పెద్దగా కనబడుతోందని చూసుకుని ఊపిరి పీల్చుకుంది.

కౌంటరు కదల్లేదు.

దుర్గారావు ఇంకా బూతు తెరిచి ఉండడనుకుంది. మెయిళ్లు చూసుకుంది. కౌంటరు కదల్లేదు. బూతుకు ఫోను చేసింది. ఎంగేజ్. ఎంగేజంటే నెట్టు నడుస్తోందన్న మాట. నెట్టు నడుస్తుంటే మొదట తెరిచేది ఈ పేజీయే. మరి తెరిస్తే ఇక్కడ పడాలి కదా?

ఆమె లేచి, నిన్న ధర్మారావు గారికి చూపించిన పక్క కంప్యూటరు దగ్గరికి వెళ్లింది. చిరునామా కొట్టింది. వేలు రిఫ్రెష్ మీదికి పోబోయింది. దాన్ని బలవంతాన ఆపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది.

'అలలు తక్కువ. వేటకు వెళ్లవచ్చు.'

నిన్నటి పేజీ. రెప్ప వేసేలోపు వచ్చింది. ఈపాటికి నాగాయలంక మైకు ఏం చెప్పి ఉంటుందో ఆమెకు దుర్గారావు గొంతుతో సహా వినబడింది.

మళ్లీ ఫోను. ఎంగేజ్. మళ్లీ. ఎంగేజ్. పేజీని ఇక్కడ ఎన్నిసార్లు మార్చినా ఆ కంప్యూటరు అడిగితేగా! వీరమ్మకు ఫోను లేదు. బస్సెక్కితే చేరేటప్పటికి మధ్యాహ్నం దాటుతుంది. కిటికీ అవతల ఐసు నలుగుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూ నిలబడ్డ తనూజ ఒక్కసారిగా ధర్మారావు గారి గదిలోకి పరుగెత్తింది.

"సార్, నాగాయలంక ఐసు ఫ్యాక్టరీ ఆయన మీకు తెలుసా?"

"సుందరరాజా? మా బావ వరసవుతాడు. ఏం?"

"ఐసు ఆపించండి సార్. తప్పు నాదే, తర్వాత చెప్తాను. ముందు ఐసు ఆపించండి."

ధర్మారావు గారు ఆమె ముఖం చూశారు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఫోను దగ్గరికి లాక్కుని, జేబు డైరీ అవసరం లేకుండానే నంబరు తిప్పారు. "బావా, నేను. బోట్లకి ఐసు ఆపెయ్... కాదు, అప్పు గొడవ కాదు. మొగ బాగాలేదు. అవును, మైకులో చెప్పింది తప్పు. నిన్నటిది. నీ మనిషిని పంపి మళ్లీ చెప్పించు... ఏంటీ?" ఆయన రిసీవరు మీద చెయ్యి పెట్టి తనూజ వైపు తిరిగారు. "ఒక బోటు వెళ్లిపోయిందట. పున్నారావని."

తనూజ గోడకున్న కుర్చీలో కూలబడింది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. ఆమె లేచి వెళ్లి, దాచుకోమన్న ఆజ్ఞ కొట్టేసి, మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. ధర్మారావు గారు భోజనానికి వెళ్లలేదు. ఇద్దరూ ఫోను వంకే చూస్తూ కూర్చున్నారు. ఈ రోజు కాదు, ఇన్నాళ్లూ, తల వచ్చింది, ముక్కు వచ్చింది అనుకుంటూ ఆ మెట్ల మీద వీరమ్మ ఎలా కూర్చునేదో తనూజకు ఇప్పుడు ఒంటికి తెలిసింది. దేవుడికి మొక్కుకుందామంటే ఏమని మొక్కాలో కూడా నోటికి రాలేదు.

ఫోను మోగేటప్పటికి కిటికీలో ఎండ పడమటికి వాలింది.

"దొరికారండి" అన్నాడు దుర్గారావు. గొంతు బొంగురుపోయి ఉంది. సుందరరాజు మనిషి చెప్పగానే వీరమ్మను స్కూటరు మీద ఎక్కించుకుని కరకట్ట వెంట మొగ వైపు పోయాడట. పోటుకు ఎదురు పోతున్న బోటు గనక నెమ్మదిగా పోతోంది. కట్ట చివర, ఇంక రోడ్డు లేని చోట, వీరమ్మ నడుముల్లోతు నీళ్లలోకి దిగి గంప తలపైకెత్తి ఊపింది. "ఇంట్లో ఏదో జరిగిందనుకుని తిప్పాడంటండి పున్నారావు. అక్కడికే వినబడుతోంది మేడమ్, మొగలో అల విరుగుతున్న చప్పుడు."

తనూజకు ఏడుపు ఆగలేదు. ధర్మారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ప్యూనుని పిలిచి ఇద్దరికీ భోజనం తెప్పించారు.

శనివారం ఆమె మళ్లీ నాగాయలంక వెళ్లింది. ఆ రోజూ సముద్రం బాగాలేదు, బోట్లన్నీ గట్టుకే ఉన్నాయి. పున్నారావు బోటులో మోకాళ్ల మీద కూర్చుని, నిన్నటి ఐసు కరిగిన నీళ్లు డబ్బాతో ఏట్లోకి తోడి పోస్తున్నాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. తనూజ గట్టు మీద నిలబడి జరిగిన తప్పంతా చెప్పింది. దుర్గారావుది కాదు, నాదేనంది. ఆయన వింటూ తోడుతూనే ఉన్నాడు. చివరికి డబ్బా పక్కన పెట్టి, "తెలిశాక ఊరుకోలేదుగా" అని, మళ్లీ తోడటం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

వీరమ్మ బూతు మెట్ల మీదే ఉంది.

"నాకు మొన్న పొద్దున్నే అనుమానం వచ్చిందండి" అంది. "మీసాలు రాకుండా అలలెట్టా వచ్చినయ్యని ఈ దుర్గారావుని అడిగా. బాగుచేశారుగా, ఇంక అట్టాగే వచ్చిద్దన్నాడు. అంతకుముందు ఆ ఫోటో ఆయన కాస్త కాస్త దిగుతుంటే, పోనీలే, ఎక్కడినుంచో బయలుదేరి వస్తున్నాడు, ఇవాళ్టి కబురే తెస్తున్నాడని ఉండేది. నిన్న ఆ పేజీ ఎక్కడినుంచీ రాలేదు. ఇక్కడే కూర్చుని ఉంది."

ఫోటో గీత గీతా దిగివచ్చే ఆ నడక ఉన్నంత కాలం వాళ్లు పాత కబురు విని మోసపోలేదు. తను ముందు తీసేసింది దాన్నే.

"తారీఖు పైన పెద్దక్షరాలతో పెడతానండి. ఈ కంప్యూటరు దాచుకున్నదంతా తుడిచేస్తాను. ఇంక పేజీ రోజూ కొత్తగానే వస్తుంది, దాచుకోదు" అంది.

"తారీఖు ఈడు చదువుతాడు. నేనెట్టా చదివేది? ఈడు లేనప్పుడు ఈడి చెల్లెలు తెరిచిద్ది, తొందరలో అదేం చూసిద్ది?" వీరమ్మ గంపలోకి చూసి, "గుర్తు పెట్టండి. రోజుకో చేప. నేను మెట్ల మీదనుంచి చూస్తే తెలవాలి" అంది.

ఆ పూట వాళ్లు ముగ్గురూ రోజులకు చేపలు పంచారు. సోమవారం వంజరం, మంగళవారం చందువా. బుధవారానికి రొయ్య పెడదామంటే అది చేపెట్టా అయిద్దని దుర్గారావు వాదించాడు. వీరమ్మ వినలేదు. గురువారం పండుగప్ప, శుక్రవారం సొర, శనివారం పీత. ఆదివారం దగ్గర ఆగారు.

"ఆదివారం ఆ మీసాలాయన్నే పెట్టండి" అంది వీరమ్మ. నవ్వుతుందేమోనని తనూజ చూసింది. నవ్వలేదు. "ఇన్నాళ్లూ ఆయన్ని చూసే గదా మావాళ్లని పంపింది. ఒక్కసారిగా తీసేస్తే ఏదోలా ఉంది."

సాయంత్రం ఆఫీసులో నల్లగీతలతో చిన్న చిన్న చేపలు గీసి, తనూజ ధర్మారావు గారి గదిలోకి వెళ్లింది. ఆదివారానికి ఫోటో కావాలంది.

"బరువని తీసేశావుగా" అన్నారాయన పేపరులోంచి తలెత్తకుండా.

అప్పుడు చెప్పక తప్పలేదు. తల, నుదురు, కళ్లజోడు, ముక్కు, గట్టు మీద మనిషి, పడవలో మనిషి, అంతా చెప్పింది. మీసాల దగ్గర కొంచెం తడబడింది. ధర్మారావు గారు పేపరు మడిచారు. కోప్పడతారనుకుంది.

"ఫోటో కోసం కాచుకుంటున్నారని తెలియదమ్మా నాకు" అన్నారు. తర్వాత పేపరు పక్కన పెట్టి, "దండ తీసేసి ముఖం వరకే పెట్టు. చిన్నది. రంగులొద్దు" అన్నారు.

ఆదివారం పొద్దున తనూజ వచ్చేటప్పటికి ఆయన ఆఫీసులో ఉన్నారు. ఏదో ఫైలు కోసం వచ్చానన్నారు గానీ, ఏ ఫైలూ తీయలేదు. ఆమె హైదరాబాదు మెయిల్ చూసి, అలలు తగ్గాయని రాసి, పైన తారీఖు, పక్కన నలుపు తెలుపుల్లో చిన్న ముఖం పెట్టి ఎక్కించింది. పాత మోడెం మీదే తెరిచింది. రిఫ్రెష్ దగ్గరికి వేలు పోనివ్వలేదు. పేజీ రెప్ప వేసేలోపు రాలేదు, టీ తాగేంతసేపూ పట్టలేదు. ముందు తారీఖు వచ్చింది, తర్వాత నుదురు, కళ్లజోడు. చివరికి మీసాలు.

తర్వాత ఇద్దరూ కౌంటరు ముందు కూర్చున్నారు. చాలాసేపు కదలకుండా ఉండి, అది ఒక్కటి పెరిగింది. వారం కింద చాలదన్న ఆ ఒక్కటి వంక ధర్మారావు గారు ముందుకు వంగి చూశారు.

ఫోను మోగింది. దుర్గారావు. నెట్టు ఆపేసి, అదే లైను మీద మాట్లాడుతున్నాడు. "మేడమ్, వీరమ్మ మైకు దగ్గరికెళ్లింది. తనే చెప్తానంటోంది. వినండి" అని రిసీవరు గుమ్మంలోకి చాపినట్టున్నాడు. గాలి హోరు, దూరంగా ఎవరో గొంతు సవరించుకోవడం. తనూజ రిసీవరు తీసి ధర్మారావు గారి చేతికిచ్చింది. ఆయన చెవికి ఆనించుకున్నారు. గొంతు ఎంత గట్టిదంటే పక్కన నిలబడ్డ ఆమెకూ వినబడింది.

"ఇయ్యాల ఆదివారం. మీసాలొచ్చినయ్. నేను నా కళ్లతో చూశా. మొగ నెమ్మళించింది. ఐసు ఎక్కించుకోండి."

గట్టు మీదనుంచి ఎవరో ఏదో అన్నారు, నవ్వులు వినబడ్డాయి. ఒక బోటు ఇంజను మొదలైంది, దాని వెనక ఇంకొకటి. తర్వాత ఏది ఎవరిదో తెలియకుండా అన్నీ కలిసిపోయాయి. దుర్గారావు అవతల ఫోను పెట్టేసినా, ధర్మారావు గారు రిసీవరు చెవి నుంచి తీయలేదు.